అయ్యగారి ట్రంకు కాల్

ఆదివారం ఆరాధన అయిపోయాక, సైన్యంలో తప్పనిసరి సర్వీసుకి వచ్చిన కుర్ర సిపాయిలు చర్చి మెట్ల దగ్గర నిలబడేవారు. ఊళ్ళో కుటుంబాలవాళ్ళు వచ్చి తలా ఒకరినో ఇద్దరినో భోజనానికని కార్లలో ఎక్కించుకుపోయేవారు. పెళ్ళికెదిగిన ఆడపిల్లలున్నవాళ్ళు కాస్త ముందే వచ్చి, పొడుగ్గా ఉన్నవాణ్ణి, మంచి పొలం ఉన్నవాడి కొడుకుని చూసుకుని మరీ ఎంచుకునేవారు. దేవుడి పేరు మీద జరిగే ఆ పెళ్ళిచూపులని అందరూ చూసీ చూడనట్టు ఊరుకునేవారు. క్యాంపు పాదిరి స్నేమన్ అయ్యగారికి పిల్లలు లేరు. అందుకని ఆయన భార్య ఎల్సాబె అందరూ వెళ్ళాక మిగిలిపోయినవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చేది. శీతాకాలం మొదట్లో అలా మిగిలిపోయినవాడు వేనంద్. ఆ తర్వాత వాడు మిగలడానికని మెట్ల చివరనే నిలబడటం మొదలుపెట్టాడు.

పనిమనిషి దిపువోకి ఆదివారం మధ్యాహ్నం సెలవు. అంట్లు ఎల్సాబె తోముతుంటే వేనంద్ పొడిగుడ్డతో తుడిచేవాడు. తుడవడంలో వాడికో పద్ధతి ఉంది. ముందు గాజుగ్లాసులు, తర్వాత చెంచాలు, ఆఖర్న మాంసం వేయించిన పెద్ద మూకుడు. గ్లాసుని కిటికీ వెలుతురులోకి ఎత్తి చూసి, మరక కనిపిస్తే మళ్ళీ తుడిచేవాడు. క్యాంపులో వాడి పని సామాన్ల గిడ్డంగిలో దుప్పట్లు లెక్కపెట్టడం. ఆ చేతులకి ఇలాంటి పని దొరికితే ప్రాణం లేచొచ్చినట్టుండేది.

"అమ్మగారూ, ఒకటి అడగనా?" అన్నాడు ఆ రోజు.

"గుమ్మడికాయ కూరలో దాల్చినచెక్క ఎంత వెయ్యాలనేగా. చెప్పను. మీ అమ్మకి రాసి పంపేస్తావు."

"అది కాదు." వాడు నవ్వాడు గాని మనసు నవ్వులో లేదు. "మా బ్యారక్‌లో మనుయెల్ అని పోర్చుగీసువాడున్నాడు. కేథలిక్కులు. వాళ్ళ ఫాదర్‌కి ఏం చెప్పుకున్నా ఆయన కడుపులోనే ఉంటుందట. జనరల్ వచ్చి అడిగినా బయటపెట్టడట. నిజమేనా?"

"నిజమే అంటారు. నేను చూడబోయానా?"

"మరి మన అయ్యగారూ అంతేనా?"

ఎల్సాబె చెయ్యి అప్పుడు మూకుడు అడుగున ఉంది. మాడు వదలడం లేదు. "అంతేగా మరి," అంది గీకుతూనే. "అయ్యగార్లుండేది అందుకే కదరా. ఆయన భుజాన ఆఫీసర్ల చుక్కలున్నాయేమో చూడు. లేవు. మీరు భయపడకుండా రావాలనే."

మన చర్చిలో అలాంటి కట్టడి ఏనాడూ లేదు. పాపాన్ని నేరుగా దేవుడికే ఒప్పుకోవాలి, మధ్యలో మనిషెందుకని తాతల నాటి నుంచీ గొప్పగా చెప్పుకుంటూ వచ్చాం. మధ్యలో మనిషి లేడు గనక ఆ మనిషి నోటికి తాళమూ లేదు. ఈ సంగతి ఎల్సాబెకి తెలియక కాదు. మాడు మీద ధ్యాసలో ఉండి ఆలోచించలేదు, అంతే.

వేనంద్ పొడిగుడ్డని నాలుగు మడతలు పెట్టి, పొయ్యి అంచున ఆరేశాడు. "అయ్యగారికి కాఫీ నేను తీసుకెళ్తాను," అన్నాడు. ఆ గది తలుపు గంటసేపు మూసే ఉంది. ఎవరో అమ్మాయి సంగతయ్యుంటుందని ఎల్సాబె అనుకుంది. వాడు బయటికొచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నా మొహం తేటగా ఉంది. టేబుల్ దగ్గర నిలబడే రెండు ముక్కలు పాలకోవా కేకు తిన్నాడు, మిగతా ఆదివారాలు ఒకటి తినడానికే మొహమాటపడేవాడు.

సాయంత్రం స్నేమన్ అయ్యగారు బూట్లు విప్పి, వాటిని గోడవారగా జంటగా సర్ది, కుర్చీలో వెనక్కి వాలాడు. మంచి మనిషి. ఎవరి మీదా గొంతెత్తి ఎరగడు. ఎండలో కవాతు చేసే పిల్లలకి నీళ్ళు ఇప్పించమని కల్నల్‌తో పోట్లాడినవాడు. అందుకే ఆయన నోట వచ్చింది బోధపడటానికి ఎల్సాబెకి కాస్త సమయం పట్టింది.

"పాపం, వేనంద్. ఆడపిల్లల మీద కాదుట మనసు. చిన్నప్పటి నుంచీ ఇంతేనట. ఏడ్చాడు."

ఎల్సాబె అల్లిక సూదులు ఒళ్ళో పెట్టుకుంది. అలాంటివాళ్ళుంటారని విన్నదే గాని, తన గ్లాసులు తుడిచేవాడు ఒకడవుతాడని అనుకోలేదు. "వాడు మీకు రహస్యంగా చెప్పుకున్నాడు కదండీ," అంది.

"నీకేగా చెప్తున్నాను. ఊరికి చాటింపు వెయ్యడం లేదుగా."

"ఇప్పుడేం చేస్తారు?"

"మంగళవారం ఆస్పత్రికి తీసుకెళ్తాను. పై అంతస్తులో అలాంటివాళ్ళకి వార్డుంది. నిన్న ఇంకేదో పని మీద వెళ్తే డాక్టరే అన్నాడు, మంచాలు ఖాళీగా ఉన్నాయని. మిలిటరీ పోలీసుల జీపులో పంపితే పరువు పోతుంది, నా కారులోనే దగ్గరుండి దింపుతాను." ఆ ఏర్పాటు ఆయనకి తృప్తిగా ఉంది. "వాడికింకా ఇరవయ్యొకటి నిండలేదు. తండ్రి ఒప్పుకుంటే గాని పేరు రాసుకోరు. రేపు సాయంత్రం వాళ్ళ పొలానికి ట్రంకు కాల్ బుక్ చెయ్యి. దారిలో తినడానికి నాలుగు రస్కులు కట్టు."

"తండ్రికి చెప్తున్నారని వాడికి తెలుసా?"

"తెలిస్తే కంగారుపడతాడు."

"వాడు నయం చెయ్యమని అడిగాడా?"

"ప్రార్థన చెయ్యమన్నాడు."

"చేశారా?"

"చేశాను ఎల్సా. చెయ్యకుండా ఎలా ఉంటాను?" అన్నాడాయన. కాస్త నొచ్చుకున్నాడు కూడా. ఆ రాత్రి ఆయనకి ఎప్పటిలాగే నిద్ర పట్టింది. ఎల్సాబె మాత్రం 'అంతేగా మరి' అన్న తన మాటని పంటికింద రాయిలా పక్కకి నెట్టలేక మేలుకుని ఉంది.

సోమవారం చర్చి మహిళా సంఘం ఆస్పత్రి పరామర్శకి వెళ్ళే రోజు. ఆడవాళ్ళందరూ టోపీలు పెట్టుకుని, డబ్బాల నిండా రస్కులు, సువార్త కరపత్రాలు పట్టుకుని వార్డులన్నీ తిరిగేవారు. సరిహద్దు యుద్ధంలో కాళ్ళు పోయినవాళ్ళ దగ్గర ఎక్కువసేపు కూర్చునేవారు. పై అంతస్తులో తాళం వేసిన వార్డు దగ్గర మాత్రం ఒక డబ్బా నర్సు చేతికిచ్చి వెనక్కి తిరిగేవారు. ఎందుకని ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఆ రోజు ఎల్సాబె డబ్బా ఇవ్వలేదు. "నేను లోపలికొస్తాను," అంది.

నర్సు తటపటాయించింది. "ఇక్కడికి సందర్శకులు రారండీ."

"సందర్శకురాల్ని కాదు. స్నేమన్ అయ్యగారి భార్యని."

ఆ పేరు అక్కడ బాగానే పనిచేసింది. అంత బాగా ఎందుకు పనిచేసిందో లోపలికెళ్ళాక గాని తెలియలేదు.

భోజనాల గదిలో పైజామాలు వేసుకున్న కుర్రాళ్ళు కొందరు పొడవాటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఎవరి కాఫీ వాళ్ళ ముందు చల్లారుతోంది. ఆమె రస్కులు పళ్ళెంలో పేర్చి, ఒక్కొక్కరి ముందుకీ జరిపింది. చివర కూర్చున్న బక్కపల్చటివాడు రెండు చేతులతో కప్పు ఎత్తాడు. పైజామా చొక్కా చెయ్యి వెనక్కి జారింది. మోచేతి కింద, పట్టీ కట్టి విప్పినట్టు, ఎర్రటి గుర్తులు వరసగా ఉన్నాయి.

"ఏమైంది నాన్నా చేతికి?"

"చికిత్స అమ్మగారూ." వాడు చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. "కరెంటు పెడతారు. మగవాళ్ళ బొమ్మలు చూపిస్తూ పెంచుకుంటూ పోతారు. ఇంక ఆపమని అరిస్తే ఆపేస్తారు. ఆపాక అమ్మాయి బొమ్మ చూపిస్తారు."

ఇదంతా వాడు గిడ్డంగిలో దుప్పట్లు ఎక్కడుంటాయో చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"నయమవుతోందా?"

వాడు గుమ్మం వైపు చూశాడు. నర్సు అక్కడే ఉంది. "అవుతోందండీ. చాలా మేలుగా ఉంది."

ఎదురుగా కూర్చున్న ఎర్రజుట్టువాడు ముక్కుతో నవ్వాడు. "నయం కావడమేమో గాని, అయిందని చెప్పడం బాగా నేర్పిస్తారు."

"ఊరుకోరా," అన్నాడు బక్కపల్చటివాడు. "అయ్యగారి భార్య ఆవిడ."

"మిమ్మల్ని ఇక్కడికి ఎవరు పంపారు?" అంది ఎల్సాబె, గొంతు తగ్గించి.

"మా అయ్యగారు."

"మా అయ్యగారేనండీ. మంచాయన. తనే దింపి వెళ్ళాడు."

"నాదీ అంతే." ఎర్రజుట్టువాడు రస్కుని కాఫీలో ముంచాడు, అది విరిగి కప్పులో పడిపోయింది. "నన్ను స్నేమన్ అయ్యగారు పంపారు. దారిలో రస్కులు కూడా పెట్టారు. మీరు చేసినవేనేమో, ఇవీ అలాగే ఉన్నాయి."

ఎల్సాబె సిగ్గుతో చచ్చిపోయింది. ఆ కుర్రాడి మొహం ఆమెకి గుర్తులేదు. వాడికోసం రస్కులు కట్టిన పొద్దుటా గుర్తులేదు. డబ్బా మూత పెట్టలేదు. దాన్ని అలాగే బల్ల మీద వదిలేసి వచ్చేసింది.

తిరుగుదారిలో క్యాంపు గేటు దగ్గర వేనంద్ కనిపించాడు. లారీలోంచి దుప్పట్ల కట్టలు దించుతున్నాడు. కారు గుర్తుపట్టి, కట్ట భుజాన ఉండగానే పరిగెత్తుకొచ్చాడు. "అమ్మగారూ, రాత్రి ఎంత నిద్రపోయానో. విజిల్ కూడా వినపడలేదు, సార్జెంటు తిట్టాడు." తిట్లు తిన్నవాడి మొహంలా లేదు అది. ఆమె ఏదో చెప్పబోయింది. వెనకనుంచి ఎవరో కేకేస్తే వాడు వెళ్ళిపోయాడు. చెప్పినా ఏం చెయ్యగలడు, పారిపోతే జైలు.

ఇంటికి రాగానే భర్తకి చెప్పింది, టోపీ కూడా తియ్యకుండా. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"చూడటానికి కష్టంగానే ఉంటుంది. పన్ను పీకించుకుంటే నొప్పి పుట్టదా?"

"వాళ్ళకి పన్ను నొప్పి లేదండీ. అందరినీ అయ్యగార్లే పంపారట."

"ఇంకెవరు పంపుతారు? మనసు విప్పి చెప్పుకునేది మా దగ్గరేగా," అన్నాడాయన. కాస్త గర్వంగానే అన్నాడు. అంటున్నదేమిటో ఆయన చెవికి ఎక్కలేదు.

"వేనంద్ నన్నడిగాడు. మన అయ్యగారు కూడా కడుపులో దాచుకుంటారా అని. దాచుకుంటారని నేను మాటిచ్చాను."

"తెలియక ఇచ్చావు. నీ తప్పేం లేదు." ఆయన ఆమె భుజం తట్టాడు. "ఇలాంటివాళ్ళని పంపమని పై నుంచి మాకు వచ్చిన ఆదేశమే అది ఎల్సా. నా చేతుల్లో లేదు. కాల్ బుక్ చేశావా?"

బుక్ చేసింది. చెయ్యనని అంటే ఆయనే చేసుకుంటాడు. పైగా ఫోన్లు కలపడం, వచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వడం, పెళ్ళయిన నాటి నుంచీ ఆమె పనులు.

నడవాలో గోడకి ఫోను. చీకటి పడుతుండగా గణగణమంది. ఎల్సాబె ఎత్తింది. ఆయన గదిలోంచి లేచొచ్చి పక్కన నిలబడ్డాడు, కళ్ళజోడు సర్దుకుంటూ.

"క్లిప్‌ఫాంటైన్ పొలాల లైను కలుపుతున్నాను," అంది ఎక్స్ఛేంజి అమ్మాయి.

అవతల గంట మోగడం వినిపించింది. రెండు పొట్టి, ఒకటి పొడుగు. ఎల్సాబె ఇలాంటి పొలంలోనే పెరిగిన పిల్ల. ఒకే తీగ మీద పది పదిహేను ఇళ్ళుంటాయి. గంట ఎవరిదో అందరికీ తెలుసు, అందరి ఇళ్ళల్లోనూ మోగుతుంది, అందరూ ఎత్తుతారు. తన తల్లి మాట్లాడే గొట్టాన్ని చేత్తో మూసి, ఊపిరి బిగబట్టి ఊళ్ళో కబుర్లన్నీ వినేది. తర్వాత ఏమీ తెలియనట్టు పరామర్శకి వెళ్ళేది. ఇప్పుడూ ఒకటి తర్వాత ఒకటి టిక్కుమని చప్పుళ్ళు. ఎక్కడో కుక్క మొరుగుతోంది. ఎవరింట్లోనో రేడియో తగ్గించారు. స్నేమన్ అయ్యగారు పట్నంలో పుట్టినవాడు. ఫోనంటే ఇద్దరు మనుషుల మధ్య వ్యవహారమనే ఆయనకి ఇప్పటికీ నమ్మకం.

"హలో," అంది ఆడగొంతు.

"వేనంద్ వాళ్ళమ్మ డ్రీనాగారా? నేను ఎల్సాబె స్నేమన్ని. క్యాంపు నుంచి మాట్లాడుతున్నాను. అయ్యగారి భార్యని."

లైన్లో అంతమంది ఉన్నా ఒక్క ఊపిరీ వినిపించలేదు.

"వాడు బతికే ఉన్నాడా?" అంది డ్రీనా.

సరిహద్దులో యుద్ధం నడుస్తున్న రోజులు. క్యాంపు అయ్యగారింటి నుంచి పొలానికి ఫోనొచ్చిందంటే దానికి ఒక్కటే అర్థం. ఆ సంగతి ఆయనకీ తట్టలేదు, తనకీ తట్టలేదు.

"ఉన్నాడమ్మా, ఉన్నాడు. నిక్షేపంలా ఉన్నాడు. నిన్న మా ఇంట్లోనే భోంచేశాడు. ఇవాళ నా కళ్ళతో చూశాను."

ఎవరో "హమ్మయ్య" అనేశారు, డ్రీనా కాదు. డ్రీనా ఏడుస్తోంది. "క్షమించండి అమ్మగారూ. పక్క పొలం వాళ్ళకి మొన్న ఇలాగే వచ్చింది ఫోను. వాడు బతికుంటే చాలు. ఇంకేం చెప్పినా వింటాను. ఏం చేశాడు? ఏమైనా విరగ్గొట్టాడా?"

"ఇలా ఇయ్యి," అన్నాడు స్నేమన్ అయ్యగారు మెల్లగా, చెయ్యి చాచి. "తండ్రిని పిలవమను."

ఎల్సాబె భుజం అడ్డం తిప్పింది. ముందుగా అనుకున్నదేమీ లేదు. నోటికి వచ్చింది, అంతే. కాకపోతే లైను చివర ఉన్నవాళ్ళకి కూడా స్పష్టంగా వినపడేలా, పెళ్ళి శుభలేఖ చదివినట్టు, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"మంచి కబురేనమ్మా. మా అయ్యగారి ఆఫీసులో గుమస్తా పని ఖాళీ అయింది. ఆ పనికి మీ వేనంద్‌ని తీసుకుంటున్నారు. సర్వీసు అయ్యేదాకా వాడు మా దగ్గరే ఉంటాడు. సరిహద్దుకీ వెళ్ళడు, ఇంకెక్కడికీ వెళ్ళడు. ఎవరూ తీసుకెళ్ళరు. మీ అబ్బాయిలాంటి పిల్లాణ్ణి నేను చూడలేదు. ఉండండి, ఆ మాట అయ్యగారి నోటితోనే వినండి."

రిసీవరు భర్త చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని చెవికి ఆనించుకోలేదు వెంటనే. ఆమెకేసి చూశాడు. కోపంలా లేదు, దారి తప్పినవాడు చూసినట్టుంది. రిసీవరు లోంచి సన్నగా వినిపిస్తూనే ఉంది. డ్రీనా భర్తని పిలుస్తోంది. ఆయన పరుగున వచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. "అయ్యగారూ, నిజమేనా? దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి అయ్యగారూ. చెప్పండి, వింటున్నాం."

స్నేమన్ అయ్యగారు గొట్టం దగ్గరికి వంగాడు. అప్పుడు విన్నాడాయన ఆ లైనుని. కుక్కని, రేడియోని, దగ్గు ఆపుకుంటున్న ముసలాయన్ని. ఏమన్నా ఇంతమందికీ చెప్పినట్టే.

ఎల్సాబె గోడకి ఆనుకుని నిలబడింది. ఆయన ఇప్పుడు నిజం చెప్తే ఆపగలిగే శక్తి తనకి లేదు. చెప్పేశాక ఆ పిల్లాడికి ఇల్లంటూ ఉండదు.

"అవును," అన్నాడాయన. మళ్ళీ కాస్త గట్టిగా, "అవునండీ. మా ఆవిడ చెప్పింది నిజమే. వేనంద్ నా దగ్గరే ఉంటాడు. మంచి పిల్లాడు. మీరు బాగా పెంచారు."

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏవో దీవెనలు చెప్పారు. గుమ్మడికాయలు పంపుతామన్నారు. అవతల ఫోను పెట్టేశారు. ఒక్కొక్కరూ పెట్టేస్తున్నారు, టిక్కు, టిక్కు. ఎల్సాబెకి గెలిచానన్న సంతోషమేమీ కలగలేదు. ఒకడు మిగిలాడు, అంతే. పై అంతస్తులో బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు ఈపాటికి రాత్రి భోజనం చేస్తుంటారు.

ఆయన రిసీవరు కొక్కానికి తగిలించబోతుండగా అందులోంచి ఇంకో గొంతు వచ్చింది.

"అయ్యగారూ, పెట్టెయ్యకండి."

ఆయన ఆగాడు. ఎల్సాబె దగ్గరికొచ్చి చెవి పక్కన పెట్టింది.

"నేనూ ఈ లైన్లోదాన్నే. వినకూడదు, విన్నాను. మావాడికి సైన్యం నుంచి పిలుపొచ్చింది అయ్యగారూ, జనవరిలో రమ్మని."

"దేవుడు తోడుంటాడమ్మా," అన్నాడాయన అలవాటు కొద్దీ.

"ఉంటాడండీ. అది కాదు. మావాడికి ఆఫీసు పని రాదు. టైపు రాదు. ఏమీ రాదు. అయినా వాణ్ణి కూడా మీ దగ్గరే ఉంచుకుంటారా? వాడు మిగతా పిల్లల్లా కాదయ్యగారూ. ఎలా చెప్పుకోవాలో తెలీదు. తల్లిని, నాకు తెలుస్తుంది గదా. వాడి పేరు..."

లైన్లో ఎక్కడో రేడియో ఇంకా సన్నగా మోగుతూనే ఉంది.

"చెప్పకమ్మా," అన్నాడు స్నేమన్ అయ్యగారు.

అవతల ఆమె ఆగిపోయింది. భయపడిందేమో.

"పేరు చెప్పకు. ఇంకేమీ చెప్పకు, వినేవాళ్ళున్నారు." ఆయన రిసీవరుని రెండు చేతులతో పట్టుకుని గొంతు బాగా తగ్గించాడు. "క్యాంపుకి వచ్చాక ఆదివారం భోజనానికి మా ఇంటికి రమ్మను. చెప్పుకోవాలనిపిస్తే వాడే చెప్పుకుంటాడు. అనిపించకపోతే భోంచేసి వెళ్తాడు."